నున్నటి బొచ్చు కుక్క

నారాయణఖేడ్,
18 జూన్ 2004.

ఉమేరా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదు. ఫోను ఉంది గదా, చెయ్యొచ్చు గదా అంటావు. ఫోను మా ఆయన మంచం పక్కనే ఉంది. అందుకని రాస్తున్నాను.

శివరాత్రి అయిన వారంలో ఆయన చేను దగ్గర ట్రాక్టరు దిగుతూ పడిపోయారు. పక్షవాతం, కుడివైపు. సంగారెడ్డిలో కొన్నాళ్ళు, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉంచి తీసుకొచ్చాం. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నారు. మాట ముద్దగా వస్తోంది. కుడి చెయ్యి కొంచెం కదులుతుంది గానీ దానికి స్పర్శ లేదు. మొన్న చాయ్ గ్లాసు ఆ చేతిలో పెట్టుకున్నారు. నేను చూసి లాక్కునేదాకా పట్టుకునే ఉన్నారు. అరచేయి బొబ్బలెక్కింది. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు.

ఆ చేతికి రోజూ రకరకాలవి రుద్దమని డాక్టరు చెప్పాడు. గోనెసంచి, దూది, ఇసుక. రుద్దుతున్నాను. "ఇంట్ల ఒక కుక్కో పిల్లో ఉంటే మంచిదమ్మా, చెయ్యి దానంతట అదే దాని మీదికి పోతది" అని కూడా అన్నాడు. ఆ మాట మా అత్తమ్మ పట్టుకుంది. పొద్దున లేస్తే అదే.

"కుక్కను ఎప్పుడు తెస్తవే స్వరూపా? నా కొడుకు చెయ్యి గట్లనే ఉండాల్నా?"

ఆమెకేమో దమ్ము. కందుల దుమ్ము లేస్తేనే ఊపిరి అందదు. కుక్క బొచ్చు ఇంట్లో రాలితే ఏమవుతుందో తెలియదు. ఇల్లు నువ్వు చూసిందే. రెండు గదులు, అరుగు, వెనక గింజలు పోసే గది. కుక్కకు రోజూ దువ్వి స్నానం పోసే తీరిక నాకు లేదు. మీ ఆయన హస్నైన్ భాయ్ పశువుల దవాఖానలో పనిచేస్తారు గనుక ఆయనకు తెలిసి ఉంటుంది. మా ఇంటికి ఎట్లాంటి బొచ్చున్న కుక్క అయితే సరిపోతుందో అడిగి రాయి.

నేను బాగానే ఉన్నాను. తింటున్నాను. నిద్ర పడుతోంది.

స్వరూప

*

బీదర్,
29 జూన్ 2004.

నా స్వరూపకు,

నీ ఉత్తరం చదివి చాలాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయాను. శివరాత్రికి జరిగితే ఇప్పుడా చెప్పడం? బీదరు ఎంత దూరమే? నారాయణఖేడ్‌లో బస్సెక్కి ఒక కునుకు తీస్తే ఇక్కడ దిగుతావు. నేనైనా వచ్చేదాన్ని గదా! సరే, కోపం అయిపోయింది. ఈ ఊళ్ళో అందరూ ఉర్దూ, లేకుంటే కన్నడం. తెలుగు రాయడానికి నాకు నువ్వు తప్ప దిక్కు లేదు, నీ మీద ఎక్కువసేపు అలగలేను.

హస్నైన్‌ను అడిగాను. ఆయన్ను బొచ్చు గురించి అడగడం నాదే పొరపాటు. అన్నం చల్లారిపోయేదాకా చెప్పాడు. "ముందుగాల కుక్క మొఖం జూడొద్దు, ఇంటిని జూడాలె" అని మొదలుపెట్టాడు. అందరూ ముచ్చటపడే తెల్లటి పొడుగు బొచ్చు కుక్కలున్నాయి చూడు, వాటికి పైబొచ్చు కింద ఇంకో మెత్తటి పొర ఉంటుందట. ఏడాదికి రెండుసార్లు అది పింజలు పింజలుగా ఊడుతుంది. రోజూ దువ్వకపోతే జడలు కడుతుంది. పైగా మన నల్లరేగడి బురద, పల్లేరుకాయలు, పిడుదులు, అన్నీ దాంట్లోనే కాపురం పెడతాయి. ఉంగరాల బొచ్చుదైతే తక్కువ రాలుతుంది గానీ నెలనెలా కత్తిరించాలి. ఖేడ్‌లో మనుషులకే సరిగ్గా కత్తిరించేవాడు లేడు, కుక్కకు ఎవరు కత్తిరిస్తారు అని నేనన్నాను. పొట్టి నున్నటి బొచ్చుదానికి తడిబట్టతో తుడిస్తే చాలు, ఏ చాకిరీ లేదు. కానీ ఏడాది పొడుగునా సూదుల్లాంటి వెంట్రుకలు రాలి చాపలో గుచ్చుకుంటాయి. ఇక గరుకు బొచ్చు. కొబ్బరిపీచులాగా ఉంటుంది. తక్కువ రాలుతుంది. చచ్చిన వెంట్రుకల్ని వేళ్ళతో పీకేస్తే సరిపోతుంది.

"తిమ్మిరెక్కిన చెయ్యికి మెత్తటిది తెలువదు, నున్నటిది అసలే తెలువదు. గరుకుదే తెలుస్తది" అన్నాడు. కాబట్టి మీ ఇంటికి గరుకు బొచ్చు. దమ్ముకు మాత్రం ఏ బొచ్చూ పూర్తిగా మంచిది కాదట. వెంట్రుక ఒక్కటే కాదు, కుక్క చర్మం పొట్టు, ఉమ్మి కూడా పడవట. అత్తమ్మను ముందు దాని దగ్గర కూర్చోబెట్టి చూడండి, రాత్రి అరుగు మీదే పడుకోబెట్టండి అన్నాడు. మా ఇంట్లో అదే పద్ధతి. మా కుక్క వాకిట్లోనే. నమాజు గది గడప తొక్కిందంటే దానికీ, దాన్ని తెచ్చిన హస్నైన్‌కీ ఆ రోజు అన్నం లేదు.

ఒకటి అడుగుతాను. ఎట్లున్నావంటే తింటున్నాను అని రాశావు. నేను అడిగింది అది కాదు.

నీ ఉమేరా

*

నారాయణఖేడ్,
25 జూలై 2004.

ఉమేరా,

నీ ఉత్తరం అందేలోపే మా మరిది ఆకాష్ హైదరాబాదు నుంచి కుక్కపిల్లను తెచ్చాడు. నువ్వు రాసిన తెల్లటి పొడుగు బొచ్చుదే. డబ్బాలోంచి తీస్తే వాడకట్టు పిల్లలందరూ వచ్చి చూశారు.

అది వచ్చినప్పటి నుంచి వాన. బయటికి పోయి బురదలో దొర్లి లోపలికి వచ్చేది. కడిగితే ఆరేది కాదు. ఇంట్లో తడి వాసన. పప్పులో వెంట్రుకలు, నీళ్ళ బిందెలో వెంట్రుకలు. వారం తిరగకముందే అత్తమ్మకు ఊపిరి ఆడలేదు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయి గాలి పెట్టించాను. వచ్చేటప్పుడు ఆటోలోనే అంది.

"బొచ్చు నా ముక్కులకు పోతే పోనీ. నేను సచ్చినా మంచిదే గని ఆని చెయ్యి లేవాలె."

ఆకాష్ మళ్ళీ వచ్చి దాన్ని తీసుకుపోయాడు. అది ఉన్నన్నాళ్ళూ పొద్దున, సాయంత్రం ఆయన చేతిని పట్టి దాని వీపు మీద పెట్టాను. బొచ్చులో చెయ్యి మునిగిపోయేది. ఏమన్నా తెలుస్తుందా అని అడిగితే తల అడ్డంగా ఊపేవారు.

కందులు మొలిచాయి. మందు కొట్టించాలి. చేను పని కూడా నేనే చూస్తున్నాను.

హస్నైన్ భాయ్ చెప్పినవాటిలో నున్నటి బొచ్చుది నయమనిపిస్తోంది. తడిబట్టతో తుడిస్తే చాలన్నారు గదా.

స్వరూప

*

బీదర్,
8 ఆగస్టు 2004.

స్వరూపా,

నున్నటిది వద్దంటే వద్దట. "అందరికి మంచిదే, గని ఆ చెయ్యికి మాత్రం పనికిరాదు. గాజుగిన్నె ముట్టుకున్నట్టే" అన్నాడు హస్నైన్. నీ పని గురించి ఆలోచించకు, గరుకుదానికీ పెద్ద చాకిరీ ఉండదు.

ఇంకో మంచి మాట. కంగ్టి దగ్గర మల్లప్ప అని గొర్రెలు కాసే ఆయన ఉన్నాడు. గొర్రెలకు మందు కోసం హస్నైన్ దగ్గరికే వస్తాడు. ఆయన కుక్క ఈనింది. రెండు పిల్లలు మిగిలాయట. ఒకటి నున్నటిది. రెండోది తండ్రి పోలిక, వీపంతా గరుకు. పాలు మానినాక ఇస్తానన్నాడు. ఊరి గాలికి, ఎండకు పుట్టినవి, మీ అరుగు మీద హాయిగా పడుంటాయి. మీ ఆయన సంగయ్యన్నను తీసుకుపోయి చెయ్యి పెట్టించి చూడండి. అత్తమ్మను కూడా తీసుకుపొండి, దమ్ము సంగతీ తేలుతుంది.

హస్నైన్ ఎంత సంబరంగా ఉన్నాడో చెప్పలేను. ఎద్దుల పళ్ళు, బర్రెల పొదుగులు చూసీ చూసీ విసిగిన మనిషికి ఒక మనిషి చెయ్యి బాగు చేసే అవకాశం దొరికింది. రోజూ అడుగుతున్నాడు, ఉత్తరం రాసినవా అని.

చేను, మందు, దవాఖాన, అన్నీ రాశావు. మధ్యలో నువ్వెక్కడున్నావో వెతుకుతున్నాను.

ఉమేరా

*

నారాయణఖేడ్,
3 సెప్టెంబరు 2004.

ఉమేరా,

కంగ్టి పోయి వచ్చాం. ఆయన, అత్తమ్మ, నేను. ఆటో మాట్లాడుకున్నాం.

మల్లప్ప మంచివాడు. "బర్రి, కూడ్రి" అని కన్నడంలోనే రమ్మని, గొంగడి పరిచి కూర్చోబెట్టాడు. రెండు పిల్లల్నీ తెచ్చి ముందు వదిలాడు. నున్నటిది గోధుమ రంగుది. వచ్చి నా చెప్పు వాసన చూసి పక్కన పడుకుంది. గరుకుది బూడిద రంగు. దాని మూతి మీద కూడా వెంట్రుకలు ముళ్ళలా నిలబడి ఉన్నాయి. అత్తమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. దమ్ము రాలేదు. కొంగుతో ముక్కు కూడా మూసుకోలేదు.

మల్లప్ప ఆయన కుడి చేతిని తీసి దాని వీపు మీద పెట్టాడు. పిల్ల కదిలింది. ఆయన బొటనవేలు వెనక్కీ ముందుకూ కదిలింది. ఎవరూ కదిలించలేదు.

"గ... గరుకు" అన్నారు.

అత్తమ్మ ఏడ్చింది. మల్లప్ప కాళ్ళు మొక్కబోయింది. అతను పెద్దోళ్ళు మీరు, వద్దు వద్దని వెనక్కి జరిగాడు. ఆయన మళ్ళీ మళ్ళీ రుద్దారు. "గరుకు, గరుకు" అంటూనే ఉన్నారు. నవ్వారు కూడా. పడిపోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

నేను నున్నటిదాన్ని తీసుకున్నాను.

గరుకు బొచ్చులో దుమ్ము నిలుస్తుంది, అత్తమ్మకు ఈరోజు బాగున్నా రేపు బాగుండదు అని చెప్పాను. అత్తమ్మ వినలేదు. అరిచింది. నేను నున్నటిదాన్ని ఎత్తుకుని ఆటోలో కూర్చున్నాను.

పిల్ల బాగానే ఉంది. పాలన్నం తింటోంది. హస్నైన్ భాయ్‌కి చెప్పు.

స్వరూప

*

బీదర్,
10 సెప్టెంబరు 2004.

స్వరూపా,

హస్నైన్‌కు ఏం చెప్పమంటావు? నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే "గరుకు" అన్న దగ్గర ఆయన లేచి నిలబడ్డాడు. తర్వాతి మాట చదివాక మళ్ళీ కూర్చున్నాడు. అన్నం తినలేదు. గరుకు పిల్లను నిన్న కల్హేర్ వాళ్ళు తీసుకుపోయారట. ఇక అది లేదు.

దమ్ము మాట నాకు చెప్పకు. అత్తమ్మకు ఏమీ కాలేదని నువ్వే రాశావు. నీకేమైంది? ఇంత పని నువ్వు ఎందుకు చేశావో నాకు అర్థం కావడం లేదు. కోపంతో కాదు, భయమై అడుగుతున్నాను. ఎందుకు తెచ్చావు దాన్ని?

ఉమేరా

*

నారాయణఖేడ్,
28 సెప్టెంబరు 2004.

ఉమేరా,

అడిగావు గనుక రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

నా ఎడమ చెవి సరిగా వినపడదు. చిన్నప్పుడు చీము పట్టిందని నీకు చెప్పాను. మనిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. నా చెవికి ఏ చీమూ పట్టలేదని నీకంటే ఎవరికి తెలుసు? నువ్వు తల ఊపావు.

అది ఆయన కుడి చెయ్యి.

పెళ్ళయిన ఏడాది మొదలైంది. తాగి కాదు. ఆయన తాగరు. చాయ్ చల్లారిందనో, ఎవరితోనో నవ్వాననో, ఒక్కోసారి ఏ కారణం లేకుండానో. కొట్టి, మూతి కడుక్కుని అన్నం తినేవారు. ఊళ్ళో మంచి పేరు. ఎవరింట్లో చావైనా ముందు ఆయనే పోతారు. అత్తమ్మ పక్క గదిలోనే ఉండేది. దగ్గేది.

ఆ చెయ్యి పడిపోయిందని దవాఖానలో చెప్పినప్పుడు అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. సంతోషమూ కాలేదు, అదేమన్నా అయితే నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఏమీ కాలేదు. స్నానం పోస్తాను, తినిపిస్తాను, ఆ చేతికి గోనెసంచి రుద్దుతాను. గోడకు రుద్దినట్టే ఉంటుంది. ఆకాష్ భార్య నన్ను చూసి "అక్క దేవత" అంది. అదీ నాకు తగలలేదు.

కంగ్టిలో ఆ బొటనవేలు కదిలినప్పుడు మాత్రం నాకు తగిలింది. భయం. తర్వాత లేచి నున్నటిదాన్ని ఎత్తుకున్నాను. ఆలోచించి చేసింది కాదు. ఇప్పుడు ఆలోచించినా అదే చేస్తాను.

చెయ్యి రాకపోతే ఆయనకు కష్టమే. నాకు తెలుసు. పాపమంటే పాపమే అనుకో.

స్వరూప

*

బీదర్,
9 అక్టోబరు 2004.

స్వరూపా,

నీ ఉత్తరం హస్నైన్‌కు చూపించలేదు. దమ్ముకు భయపడి తెచ్చుకుందని చెప్పాను. నమ్మాడు. చింపెయ్యమన్నావు, చింపేశాను.

పాపమని నేను అననే అనను. ఇంకెవరైనా అంటే బీదరు బస్సెక్కించి నా దగ్గరికి పంపు.

కానీ ఒకటి చెప్పాలి. నీ పేరెత్తకుండా హస్నైన్‌ను అడిగాను, కుక్క వల్ల నిజంగా చెయ్యి లేస్తుందా అని. "నరం లేవాల్నంటే లేస్తది, లేవొద్దంటే లేవది. కుక్క జెర తోడుంటది, గంతే" అన్నాడు. అంటే నువ్వు ఏ బొచ్చు కుక్కను తెచ్చినా ఆ చేతిని ఆపలేవు. అది రేపు లేవొచ్చు. ఎప్పటికీ లేవకపోవచ్చు. దాని గురించి చేయాల్సింది ఏదైనా ఉంటే కుక్కతో చేసేది కాదు.

అది ఏమిటో నాకు తెలియదు. ఆయనతో చెప్పు అని రాసి కొట్టేశాను. ఆ ఇంట్లో ఉన్నది నువ్వు, నేను కాదు. నాకు తెలిసింది ఇంతే: మా మేడ మీద గది ఖాళీగా ఉంది. కిటికీకి పరదా కుట్టాను. రేపొస్తావా, ఏడాదికొస్తావా, రావా, నీ ఇష్టం. కుక్కతో వచ్చినా సరే. దానికి వాకిలి, నీకు మేడ.

ఉమేరా

*

నారాయణఖేడ్,
11 జనవరి 2005.

ఉమేరా,

ఇన్నాళ్ళు రాయలేదు. రాయడానికి ఏమీ లేకపోయింది. ఇప్పుడు ఉంది.

చెయ్యి వచ్చింది. కార్తీకం వెళ్ళినాక ఒకరోజు అంగీ తొడుగుతుంటే గుండీకి గోరు తగిలి "అబ్బా" అన్నారు. ఇద్దరం ఆ వేలి వంక చూశాం. ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెం. కుక్క ఆయన దగ్గరికి పోదు. హస్నైన్ భాయ్ చెప్పినట్టే అయింది.

పోయిన సోమవారం పొద్దున అత్తమ్మ వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. కుక్క ఆయన చేతికర్ర అడుగున ఉండే రబ్బరు కొరికి పారేసింది. కర్ర జారి ఆయన గోడకు ఒరిగారు. నేను కర్ర తీసివ్వడానికి వంగాను.

"నీ... కుక్క" అన్నారు. చెయ్యి లేచింది.

భుజం దాకా లేచింది. నేను మణికట్టు పట్టుకున్నాను. ఎట్లా పట్టుకున్నానో తెలియదు. వెచ్చగా ఉంది. అన్ని నెలలు రుద్దిన చెయ్యే, అప్పుడు వెచ్చగా ఉందని నాకు తెలియలేదు. ఆయనతో ఎన్నడూ అనని తీరున నువ్వు అని మాట్లాడాను.

"ఈ చెయ్యి ఇగ నా మీదికి రావొద్దు. ఒక్కపారి వచ్చినా నేను బీదరు పోత. మళ్ల ఈ గడప తొక్క. నీకు ఎవరు పెడ్తరో నువ్వే చూసుకో."

అనపకాయల చప్పుడు ఆగింది.

"ఇడువకు" అంది అత్తమ్మ.

కొడుకుతో అంటోందనుకున్నాను. ఆమె నా వంక చూస్తోంది.

"గట్టిగ పట్టుకో స్వరూపా, ఇడువకు. వీని నాయిన చెయ్యి నేను ఒక్కపారి గూడ పట్టుకోలే."

ఆయన తల్లిని చూశారు. చెయ్యి వదులయ్యేదాకా పట్టుకున్నాను, తర్వాత వదిలాను. అత్తమ్మ మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. దగ్గలేదు.

మారారా అని అడుగుతావు. తెలియదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. పెట్టింది తింటున్నారు. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చుంటున్నారు. నేను గింజల గది ఊడ్చి, మంచం, పెట్టె అందులోకి మార్చుకున్నాను. లోపల గడియ పెట్టించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఈ ఏడు కంది బాగానే వచ్చింది. మూటలు అరుగు మీద వేయించాను. ఆయన అన్నం వండుతాను, మందులిస్తాను. స్నానం తనే చేసుకుంటున్నారు. నీ మేడ గది అలాగే ఉండనీ. వచ్చే మాట ఇంకా తేలలేదు.

హస్నైన్ భాయ్‌ని ఒకటి అడుగు. నున్నటి బొచ్చుకు చలి ఆగదా? ఇక్కడ పొద్దున పూట పొగమంచు. కుక్క అరుగు మీద మూటల సందులో ముడుచుకుని వణుకుతోంది. దీనికి కింద మెత్తటి పొర ఉండదేమో. ఈ పొద్దున నా పాత శాలువా తెచ్చి కప్పాను. అది లేచి, ఒళ్ళంతా దులుపుకుని, శాలువాను నోటితో కిందికి లాగి, నాలుగు వైపులా తొక్కి, దాని మీద పడుకుని మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. కప్పాను. మళ్ళీ అదే పని. మూడోసారి నా మొఖంలోకి చూసింది, నీకు పరుపు వేయడం రాదా అన్నట్టు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నా ఆగలేదు. గోడ పట్టుకుని నవ్వాను.

"ఏందే? ఏమైంది?" అని అత్తమ్మ లోపలి నుంచి కేకేసింది.

"ఏం లేదు. కుక్క" అన్నాను.

స్వరూప